చలువ అనగా చల్లదనమేనా?

పద్యపాఠమున “చలువ వలువలు” అను సమాసము ఎదురైనప్పుడు విద్యార్థి కలము ఆగదు. “చల్లని బట్టలు” అని అర్థము వ్రాసి అతడు ముందునకు సాగిపోవును. వేసవికాలమగుటచే ఆ నాయిక ఒంటికి హాయిగొలుపు బట్టలు కట్టినది కాబోలునని సరిపెట్టుకొనును. దిద్దువారును తొందరలోనున్నచో దానికి మార్కులు పడుటయు కలదు. కాని అచట చెప్పబడినది చల్లదనము కాదు. ఉతికి, తెలుపెక్కించి, ఆరవేసి, మడచి తెచ్చిన బట్టలకు చలువ వలువలని పేరు. సంస్కృతమున ధౌతవస్త్రమనునదియే తెలుగున చలువ.

ఒక మాటకు ఒకచోట తప్పుటర్థము చెప్పినంతమాత్రమున కావ్యము కూలిపోదు. అయినను ఈ మాట సామాన్యమైనది కాదు. దీని వెనుక ఒక వృత్తి, ఆ వృత్తిచే బ్రదికిన జనము, ఆ జనము చేతులలో పెరిగిన నేర్పు కలవు. మాటయొక్క అర్థము జారిపోయినప్పుడు ఆ నేర్పునకు మన భాషలో ఉన్న గౌరవమైన పేరొకటి జారిపోవుచున్నది. అందుచేత దీనిని కొంచెము తీరికగా పరిశీలించుట ఉపాధ్యాయులకును విద్యార్థులకును ప్రయోజనకరమని తలచుచున్నాను.

చలి, చల్లన, చలువ అనునవి ఒక కుటుంబములోని మాటలు. చలువకు శైత్యమను అర్థము అందరెరిగినదే. చలువపందిరి, చలువ కళ్ళద్దములు మొదలగు మాటలు నేటికిని వాడుకలో నున్నవి. వాడుకలో ఇది ‘చలవ’ యగుటయు కలదు. మజ్జిగ, సబ్జాగింజలు చలువచేయునని ఇంటింటను చెప్పుకొందురు. రెండవ అర్థము ఉతుకుట, తెలుపుచేయుట. చలువచీర, చలువపంచె, చలువచేయు అనునవి ఈ వరుసలోనివి. ఇక మూడవది అనుగ్రహము. “అంతయు తమ చలువ” అని పెద్దలతో అనునప్పుడు ఉండునది ఇదియే.

మొదటి రెండర్థములను వేరుపరచుటకు వ్యాకరణమే మనకొక చక్కని ఆనవాలు చూపుచున్నది. “మజ్జిగ దేహమునకు చలువచేయును” అన్నప్పుడు దేహశబ్దముపై ‘కు’ వచ్చినది. “చాకలి బట్టలను చలువచేసెను” అన్నప్పుడు ‘ను’ వచ్చినది. క్రియ ఒక్కటియే; విభక్తి మారినది, దానితో అర్థమును మారినది. షష్ఠి కనబడినచో అది వైద్యుని మాట. ద్వితీయ కనబడినచో అది రేవులోని మాట. సమాసమున విభక్తి లోపించును గనుక అచట ఈ ఆనవాలు దొరకదు. అప్పుడు ప్రక్కనున్న నామవాచకమును చూడవలెను. పందిరి, గాలి, నీడ యున్నచో చల్లదనము. చీర, పంచె, వలువ, దుప్పటి యున్నచో ఉతుకుడు. ఇంతమాత్రము చెప్పినచో ఎనిమిదవ తరగతి విద్యార్థియు పొరబడడు.

ఇంకొక సంగతి. ఈ మాట ఉతుకుటకు కేవలము పర్యాయపదము కాదు. తెలుగువాడు శుభ్రపరచుటకు వాడు మాటలను ఒకచోట చేర్చి చూచినచో ఇది తెల్లమగును. చేతులు, కాళ్ళు, గిన్నెలు, బియ్యము, అరుగు వీనిని కడుగుదుము. పండ్లను, అంట్లను తోముదుము. గుడ్డను మాత్రమే ఉతుకుదుము. ఈ ఉతుకునకు ప్రాతరూపము ‘ఉదుకు’. కావ్యములలో అది కనబడినప్పుడు ‘ఉడుకు’తో కలిపివేసి కొందరు బట్టలను పొయ్యిమీదికెక్కింతురు. గుడ్డను బండకు కొట్టక నీటిలో అటునిటు ఆడించినచో అది జాడించుట. నూనె రాచి తలస్నానము చేయించుట తలంటు. పేడనీటితో ఇంటిని అలుకుదురు. బియ్యమును ఉతికితినని గాని, గుడ్డను తోమితినని గాని అనువాడు తెలుగునాట ఉండడు. ఏ వస్తువునకు ఏ చేష్ట తగునో ఆ చేష్టనుబట్టియే మాట పుట్టినది.

ఇవన్నియు చేష్టలకు పేర్లు. కొట్టుట, రుద్దుట, ముంచుట, పిండుట అను కదలిక వీనిలో నున్నది. అందువలననే కాబోలు, ఇవి క్రమముగా చీవాట్లలోనికి ప్రవేశించినవి. ఒకనిని గట్టిగా మందలించినప్పుడు ‘కడిగివేసినాడు’ అందురు. మరింత గట్టిగానైనచో ‘ఉతికి ఆరవేసినాడు’ అందురు. ‘తలంటిపోసినాడు’ అనుటయు, ‘చాకిరేవు పెట్టినాడు’ అనుటయు కలవు. శుభ్రపరచు మాటలన్నియు ఇట్లు తిట్టునకు పనికివచ్చుచుండగా చలువచేయుట మాత్రము పనికిరాలేదు. “అధికారి గుమాస్తాను చలువచేసినాడు” అని ఎవ్వరును అనరు. అన్నను ఎవరికిని అర్థము కాదు. కారణము స్పష్టము. చలువ దెబ్బకు పేరు కాదు. దెబ్బలన్నియు ముగిసిన పిమ్మట బట్ట పొందిన స్థితికి పేరు. ఉతుకుట పని, చలువ ఫలము.

ఒకమారు తరగతిలో ఈ భేదమును అడిగినప్పుడు చాలసేపు ఎవ్వరును పలుకలేదు. చివరి వరుసలోని విద్యార్థి యొకడు లేచి, “ఉతుకుడు రేవుతో అయిపోతుంది సార్, చలువ మడతతో అవుతుంది” అన్నాడు. ప్రక్కవారు నవ్విరి. ఆ నవ్వు మాటనుగురించి కాదు, ఆ మాట అతనికెట్లు తెలిసినదను దానినిగురించి. అతని తాత రేవు పని చేసినవాడు. నిఘంటువు రెండర్థములను ఇచ్చునే గాని, వాని నడుమనున్న ఈ సన్నని గీతను చూపదు. ఆ దినమున మిగిలిన పాఠమును అతడే చెప్పెనని చెప్పవచ్చును.

అతడు చెప్పిన క్రమమును, ఆ వృత్తి తెలిసిన పెద్దలు చెప్పిన క్రమమును కలిపి ఇచట వ్రాయుచున్నాను. మొదట మాసిన బట్టలు మూటగా ఇంటినుండి పోవును. ఏ ఇంటి బట్ట ఏదో తెలియుటకై అంచున ఒక గుర్తు పెట్టుదురు. నల్లజీడిగింజ రసముతో పెట్టిన ఆ గుర్తు ఎన్ని ఉతుకులకును చెరగదు. పది యిండ్ల బట్టలు ఒక్క బానకెక్కినను ఎవరివి వారికి చేరుట ఆ చుక్కలవలననే. అక్షరము రానివారు సృష్టించుకొన్న లిపియది.

తరువాత చౌడు. చవిటినేలలపై తెల్లగా పైకి తేలు ఈ మట్టిలో సోడియం కార్బొనేటు మొదలగు క్షారములుండును. చౌడునీటిలో ముంచిన బట్టలను బానపై పేర్చి క్రింద మంటపెట్టి ఆవిరి పట్టింతురు. బట్టలోని చెమటజిడ్డు ఆ వేడిలో క్షారముతో కలిసి ఒక విధమైన సబ్బుగా మారి నీటిలో విడిపోవును. సబ్బు కొనకయే బట్టలోని జిడ్డునే సబ్బుగా చేయు ఉపాయమిది. రసాయనశాస్త్ర పాఠమున క్షారము, క్రొవ్వు కలిసి సబ్బగునని చదువు విద్యార్థికి చాకిబాన కంటె మంచి ఉదాహరణము దొరకదు. పట్టునకును ఉన్నికిని ఈ పద్ధతి పనికిరాదు. క్షారము ఆ పోగులను తినివేయును. వానికి కుంకుడుకాయ నురుగు కావలెను. ఏ బట్ట బానకు పోవలెనో, ఏది కుంకుడునకు పోవలెనో వ్రేళ్ళతో తాకి నిర్ణయింతురు.

ఆవిరి పట్టిన బట్ట చాకిబండకు పోవును. పిమ్మట ఎండ. తడిబట్టను ఎండలో పరచి, ఆరుచుండగా మరల తడిపి, మరల ఎండనిచ్చినచో తెలుపు హెచ్చును. అప్పటికిని నూలుబట్టలో కొంచెము పసుపుచాయ మిగులును. నీలిమందు కలిపిన నీటిలో ముంచి దానిని మరుగుపరతురు. కంటికి ఆ సన్నని నీలము తెలుపుగనే తోచును. చివరకు గంజి, ఆరుట, మడత. ఈ మెట్లన్నియు గడచినగాని చలువ కాదు. ఇంటికి చేరిన బట్టలను ఇల్లాలు చాకలిపద్దుతో సరిచూచుకొనును. చాకలిపద్దు అను మాటను విమర్శకులు విలువలేని వ్రాతకు నిందగా వాడుచున్నారు. ఆ పద్దు లెక్క తప్పినచో పండుగనాడు ఎవరి పంచె ఎవరు కట్టుదురో వారాలోచింపలేదు.

చలువతో తోడబుట్టినట్టి ప్రాతమాట మరియొకటి కలదు. అది ‘మడుగు’. మడుగనగా నీటిగుంట యని అందరెరుగుదురు. కాని ఉతికిన బట్టకును మడుగని పేరు. “అడుగులకు మడుగులొత్తుట” అను జాతీయమును మన పిల్లలు తరచుగా వినుచుందురు. అడుగునకు నీటిగుంటతో పనియేమి? పెద్దలు నడచివచ్చుచుండగా వారి పాదములకు మట్టి తగులకుండ ఉతికిన తెల్లబట్టలను దారిపొడవున పరచుచు పోవుట పూర్వాచారము. అట్టి మర్యాద నేడు మాటలోనే మిగిలి, ఇచ్చకములాడుటకు గుర్తయినది. పరచినవారి వంగిన నడుములు ఆ జాతీయములో నున్నవని గుర్తుంచుకొనువారు అరుదు.

మడి యను మాటయు దీని దాపుననే యున్నది. కన్నడమున మడి యనగా ఉతికిన శుభ్రమైన బట్ట, మడివాళుడనగా చాకలి. మనవారు మడి కట్టుకొనుటయందు ఆ మాటను ఆచారశుద్ధికి పరిమితము చేసిరి. ఇచటనొక విచిత్రము జరిగినది. చాకలి ఉతికి తెచ్చిన బట్ట ఆచారవంతుల యిండ్లలో మడికి పనికిరాదు. దానిని మరల ఇంటిలో తడిపి ఆరవేసినగాని అది మడి కాదు. ప్రక్కభాషలో ఎవని వృత్తికి ఆ మాట పేరైనదో, అతని చేయి సోకినచో ఆ మాటయే చెల్లదనిరి. భాష ఒక చరిత్ర చెప్పగా ఆచారము వేరొకటి చెప్పినది.

ఈ వైరుధ్యమును ఎదిరించినవారును మన సాహిత్యమున కలరు. పదమూడవ శతాబ్దికి చెందిన పాల్కురికి సోమనాథుడు తన బసవపురాణమున మడివాలు మాచయ్య కథను చెప్పెను. పన్నెండవ శతాబ్దిలో కల్యాణనగరమున బసవేశ్వరుని కాలమువాడు మాచయ్య. శివభక్తుల వస్త్రములను తప్ప అన్యుల వస్త్రములను ముట్టనని వ్రతము పట్టినవాడు. ఎవరి బట్ట ఉతుకవలెనో నిర్ణయించు అధికారము ఉతుకువానికే యుండుట ఆ కథలోని కొత్తదనము. రాజు తలపెట్టినను అతడు తల వంచలేదు. తెలుగు ద్విపదలో చాకలి యొకడు కథానాయకుడై నిలుచుట ఎనిమిది వందల ఏండ్ల క్రిందటి మాట.

సోమనాథుని జన్మస్థలముగా పలువురు పండితులు చెప్పు పాలకుర్తి నేడు తెలంగాణమున జనగామ జిల్లాలో నున్నది. 1940ల దశాబ్దిలో ఆ పాలకుర్తిలోనే తాను సాగుచేసిన పొలములోని పంటను దేశముఖు మనుష్యులు తీసికొనిపోకుండ నిలిచి పోరాడినది చిట్యాల ఐలమ్మ. ఆమె 1985లో మరణించెను. ఇంటిపేరుకంటె వృత్తి పేరుతోనే, చాకలి ఐలమ్మగా, ఆమె ప్రజలకు పరిచితురాలు. 2024లో హైదరాబాదులోని మహిళా విశ్వవిద్యాలయమునకు ఆమె పేరు పెట్టిరి. బడిలో పిల్లలు ఒకరినొకరు వెక్కిరించుకొనుటకు వాడు మాట ఒక విశ్వవిద్యాలయపు ద్వారముపై నిలిచినదన్నచో, ఆ మాటను తరగతిలో ఎట్లు పలుకవలెనో ఉపాధ్యాయునకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ సందర్భమున ఒక భ్రమను తొలగింపవలెను. చాకిరేవు, చాకిబండ, చాకిబాన అను సమాసములలోని ‘చాకి’ చాకలికి సమాసరూపము. చాకిరి యనునది వేరు. అది సేవకుడను అర్థముగల పారశీక శబ్దమగు ‘చాకర్’ నుండి వచ్చినది. చాకిరి చేయువాడు గనుక చాకలి యైనాడని కొందరు చెప్పు వ్యుత్పత్తి చెవికింపుగా నుండవచ్చును గాని సత్యము కాదు. పారశీకపు మాట మన ఊరు చేరకముందే మన రేవులు ఉన్నవి. చాకలిది చాకిరి కాదు, విద్య.

సంస్కృతమునకు పోయినను ఇట్టి సాక్ష్యమే దొరకును. రజకశబ్దము రంగునకు సంబంధించిన ధాతువునుండి పుట్టినది. అమరకోశమున రజకునికి తోడుగా నిర్ణేజకుడను పేరును కలదు. దానిలోనిది కడుగుట అను అర్థముగల ధాతువు. ధౌతమనగా ఉతికినది. మనము కట్టు ధోవతిని కూడ ఈ ధౌతశబ్దముతోనే పండితులు ముడిపెట్టుదురు. అట్లయినచో ధోవతి యనగా ఉతికినది యని, మడుగనగా ఉతికినది యని, చలువయనగా ఉతికినది యని చెప్పవలెను. నేసినవానిని బట్టి కాక, ఉతికినవానిని బట్టి వస్త్రమునకు పేరు పెట్టుట ఒక్క తెలుగున మాత్రమే జరిగినది కాదు. నేత బట్ట జీవితములో ఒక్కసారి జరుగును. ఉతుకు ఆ బట్ట చిరిగిపోవువరకు జరుగుచునే యుండును.

తమిళమునకు పోయినచో మన చలువకు చుట్టము ఎదురగును. అచట ‘సలవై’ యనగా బట్టల ఉతుకుడు. చెన్నపట్టణపు వీధులలో ఉతుకుడు దుకాణములపై నేటికిని ఆ మాట కనబడును. పాలరాతిని తమిళులు ‘సలవైక్కల్’ అందురు. మనము చలువరాయి యందుము. మన పిల్లవాడు దానికి చల్లని రాయి యని అర్థము చెప్పును. కాలు మోపినప్పుడు అది నిజమే. కాని తమిళపు మాటను ప్రక్కన పెట్టి చూచినచో, ఉతికిన బట్టవలె తెల్లనైన రాయి యను అర్థమును దానికి చక్కగా పొసగును. కంటికొక అర్థము, కాలికొక అర్థము. ఒక మాటలో రెండర్థములు ఎట్లు కలిసి కాపురము చేయునో ఇంతకంటె తేటగా చూపు ఉదాహరణము అరుదు. చలువచీర విషయమును అంతే. మాసిన బట్ట ఒంటికి ఉక్క. ఉతికి మడచిన బట్ట ఒంటికి చల్లన.

ఇట్టి మాట ఎందుకు వెనుకబడినది? సబ్బు, లాండ్రీ, వాషింగ్ మెషీను వచ్చినవి. అవి రావలసినవే. బానల వేడిలోను, నడుములోతు నీటిలోను నిలిచి బ్రదుకు వెళ్ళబుచ్చుట ఎవ్వరికిని కోరదగినది కాదు. ఆ కష్టము తగ్గినందుకు సంతసింపవలెను. కాని కష్టముతోపాటు మాటను కూడ పారవేయ నక్కరలేదు. 2021లో తెలంగాణ ప్రభుత్వము రజకవృత్తివారికి నెలకు 250 యూనిట్ల విద్యుత్తును ఉచితముగా ఇచ్చినప్పుడు వార్తలలో కనబడిన మాటలు ‘లాండ్రీలు’, ‘ధోబీఘాట్లు’. ఒకటి ఆంగ్లము, ఒకటి హిందీ. చాకిరేవు చీవాట్లలో మిగిలినది. చలువ మజ్జిగలో మిగిలినది.

ఉపాధ్యాయులు చేయదగిన పని చిన్నదే. పాఠములో చలువ, మడుగు, ఉదుకు వంటి మాట వచ్చినప్పుడు అర్థమును నల్లబల్లపై వ్రాసి ఊరకుండక, ఆ మాటను ఇంటిలో పెద్దలెవరైన వాడినారా యని విద్యార్థులచే అడిగించి వ్రాయింపవలెను. చౌడు ఎచట తవ్వుదురు, బానను ఎట్లు పేర్చుదురు, గుర్తులెట్లు పెట్టుదురు అనునవి చెప్పగలవారు ఇంకను మన ఊళ్ళలో నున్నారు. వారి మనుమలు మన తరగతులలో నున్నారు. ఆ పిల్లలు తమకు తెలిసినదానిని దాచుకొనక గర్వముతో చెప్పగల తరగతి యేదో, అదియే భాష నేర్పు తరగతి.

చలువకు అనుగ్రహమను అర్థమును కలదని మొదటనే చెప్పితిని. “మీ చలువ” అని మనము అధికారితో అందుము, ధనవంతునితో అందుము, సభలో అధ్యక్షునితో అందుము. తెల్లని చొక్కా తొడిగి సభకు వచ్చినవాడు ఎవరి చలువచే అట్లు వచ్చినాడో చెప్పుటకును ఆ మాటయే చాలును. ఆ అర్థమును మరువకుండ చెప్పుట మనవంటి తెలుగు పంతుళ్ళ పని.